ఎవరి మాట చెల్లాలి: స్టూవర్టుపురం మీదుగా ఒక సింహావలోకనం

బాపట్ల, చీరాల మధ్య రైలు దారిలో ఉన్న ఊళ్లలో స్టూవర్టుపురం ఒకటి. ఆ పేరు చెబితే మన తరానికి ముందుగా గుర్తొచ్చేవి సినిమాలు. 1991 ఒక్క ఏడాదిలోనే ఆ ఊరి పేరు పెట్టుకుని రెండు సినిమాలొచ్చాయి. 2023లో అక్కడి మనిషి కథంటూ ఇంకొకటి వచ్చింది. తెరకెక్కిన దొంగతనాల వెనక, తెరకెక్కని పెద్ద చరిత్ర ఉంది. ఫలానా మనిషి తన బతుకు తాను నడుపుకోలేడని తేల్చే అధికారం ఎవరిది? అలా తేల్చేటప్పుడు పక్కన కూర్చున్న సంఘసేవకుడి పని ఏమిటి? తెలుగునేల మీద ఈ రెండు ప్రశ్నలూ ఒక ఊరి రూపంలో నిలబడ్డది ఇక్కడే. బుద్ధిమాంద్యం ఉన్న కొడుక్కి గార్డియన్‌గా నియమించమని ఒక తల్లి ఇవాళ కలెక్టరేటులో దరఖాస్తు పెట్టుకుంటే, ఆ కాగితం మీద జరిగే విచారణలోనూ ఇవే ప్రశ్నలు తిరిగి లేస్తాయి. నేరస్త జాతుల చట్టం నుంచి వికలాంగుల హక్కుల చట్టం దాకా దాదాపు నూట యాభై ఏళ్లు. ఆ దారంతా ఒక్కసారి వెనుదిరిగి చూస్తే, సంఘసేవకుడు మొదట ఎక్కడ నిలబడ్డాడో, ఇప్పుడు ఎక్కడికి చేరాడో తెలుస్తుంది.

కాగితాలు రాకముందు ఈ వ్యవహారమంతా ఇంటి గోడల మధ్యే నడిచేది. మతి స్థిమితం లేని తమ్ముణ్ణి అన్నలు చూసుకునేవారు, అతని వాటా భూమిని వాళ్లే సాగుచేసేవారు. చూడటంలో ప్రేమ ఉండేది, సాగులో లాభమూ ఉండేది. ఆ రెండూ తగాదా పడినప్పుడు నలుగురు పెద్దమనుషులు కూర్చుని చెప్పిందే తీర్పు. ఇంగ్లీషు పాలన వచ్చాక మనిషి సామర్థ్యం చట్టానికి సంబంధించిన విషయమైంది. ఒప్పందం చేసుకునేవాడికి స్వస్థచిత్తం ఉండాలని 1872 కాంట్రాక్టు చట్టం షరతు పెట్టింది. జమీందారీలకు మద్రాసు ప్రభుత్వం 1902లో కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చట్టం తెచ్చింది. మైనర్లతోనూ మతి స్థిమితం లేనివారితోనూ పాటు, ఎస్టేటు నడపలేరని ప్రకటించిన ఆడవాళ్లను కూడా అది అసమర్థుల జాబితాలో చేర్చింది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 35వ సెక్షన్ మరీ విచిత్రమైనది. దస్తావేజు రాసిచ్చిన మనిషి మైనరుగానో మతిలేనివాడిగానో తనకు కనబడితే, సబ్‌రిజిస్ట్రారు రిజిస్ట్రేషన్ నిరాకరించాలి. సబ్‌రిజిస్ట్రారు ముందు వేలిముద్ర వేయడానికి నిలబడ్డ మనిషి నోట మాట తడబడిందనుకోండి, చూపు నిలకడగా లేదనుకోండి, బల్లకు అవతల కూర్చున్న ఉద్యోగి కంటికి ఎలా కనబడితే ఆ మనిషి హక్కు అలా నిలిచేది. డాక్టరుకు గానీ, అతన్ని రోజూ చూసేవాళ్లకు గానీ అక్కడ చోటు లేదు.

ఇదే కాలంలో ఇంకోవైపు ఎరుకల వారి కథ నడిచింది. కోస్తా ఉప్పును పశువుల మీద వేసుకుని లోపలి ఊళ్లకు తీసుకెళ్లి, ధాన్యానికి మార్చుకుని వచ్చే సంచార వర్తకులు వాళ్లు. బుట్టలు అల్లడం, సోది చెప్పడం, పందుల పెంపకం తోడు జీవనాలు. దొరతనం ఉప్పును తన గుప్పిట్లో పెట్టుకుంది. రైలు వచ్చి సరుకు రవాణాను మింగేసింది. పాత బతుకుదెరువు పోయినవాడు ఊరి చివర గుడారం వేసుకుంటే, పోలీసు కంటికి అనుమానితుడయ్యాడు. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్త జాతుల చట్టం 1911లో కొత్త రూపంతో మద్రాసు రాజధానితో సహా దేశమంతటికీ వచ్చింది. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అనే మన సామెతనే శాసనం చేసినట్టుగా ఉంటుందది. నేరం చేశాడా లేదా అన్న విచారణ అక్కర్లేదు, ఆ కులంలో పుడితే చాలు. పేరు రిజిస్టరులో ఎక్కుతుంది, వేలిముద్రలు తీస్తారు, కదిలితే కబురు చెప్పాలి. ఆరేళ్లు దాటి పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి బడుల్లో పెట్టే అధికారమూ ఆ చట్టంలోనే ఉంది. ఆ మరుసటి ఏడాది, 1912లో, ఇండియన్ లూనసీ చట్టం వచ్చింది. బంధువో కలెక్టరో దరఖాస్తు పెడితే జిల్లా కోర్టు విచారణ జరిపి, మతి చెడిందని తేల్చి, మనిషిని ఒకరికీ ఆస్తిని ఇంకొకరికీ అప్పగించవచ్చు. పుట్టుకను బట్టి ఒక చట్టం, జబ్బును బట్టి ఇంకో చట్టం ఏడాది తేడాతో మనుషుల మాటకు విలువ తీసేశాయి.

ఎరుకల వారిని నిఘాలో ఉంచే సెటిల్‌మెంటుగా స్టూవర్టుపురం పుట్టింది ఆ వెంటనే, 1913-14 ప్రాంతంలో. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడైన సర్ హెరాల్డ్ స్టూవర్ట్ పేరు ఆ కొత్త సెటిల్‌మెంటుకు పెట్టారు. నడిపే బాధ్యత సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ తీసుకుంది. ఆ సంస్థను 1882లో మన దేశానికి తెచ్చిన ఫ్రెడరిక్ బూత్ టక్కర్ ఒకప్పుడు ఇండియన్ సివిల్ సర్వీసు అధికారి. ఉద్యోగం వదిలేసి, కాషాయం కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకున్నవాడు. నేరం ఒక జబ్బు, తాము వైద్యులం అన్నది ఆయన నమ్మకం. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ బాడెన్ ఇలాంటి సెటిల్‌మెంటునే నడిపాడు, సీతానగరంలో మరొకటి ఉండేది. చరిత్రలో ఒక వింత పొంతన చూడండి. 1913 మే నెలలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది బాపట్లలోనే. తెలుగువారి భవిష్యత్తు తెలుగువారే నిర్ణయించుకోవాలని పెద్దలు అక్కడ చర్చిస్తున్న రోజుల్లోనే, కూతవేటు దూరంలో తెలుగు మాట్లాడే ఇంకొందరికి పొరుగూరు వెళ్లాలన్నా చీటీ కావాల్సి వచ్చింది.

సెటిల్‌మెంటు జీవితం హాజరుతో మొదలై హాజరుతో ముగిసేది. పేరు పిలిస్తే పలకాలి. బయటికి వెళ్లాలంటే మేనేజరు పాసు రాసివ్వాలి, ఎక్కడికి, ఎందుకు, ఎప్పటిలోగా తిరిగి రావాలో అందులో ఉండాలి. చీరాలలోని ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీకి ఇక్కణ్ణుంచి కూలీలు వెళ్లేవారు. పని ఎక్కడ చేయాలన్నది కూడా వాళ్ల చేతిలో లేదు. ఆ మేనేజరు పోలీసు కాదు, జడ్జీ కాదు. మతసేవకుడు, ఈనాటి మాటల్లో చెప్పాలంటే సోషల్ వర్కరు. బడి పెట్టించాడు, భూమి ఇప్పించాడు, జబ్బు చేస్తే మందు ఇచ్చాడు. కానీ ఎవరు బాగుపడ్డారో, ఎవరు పడలేదో రాసే రిజిస్టరు కూడా అతని చేతిలోనే ఉండేది. సేవ, అధికారం ఒకే మనిషి చేతిలో పడితే ఎలా ఉంటుందో ఆ తరం ఎరుకల వారికి అనుభవంలోకి వచ్చింది. అదే సాల్వేషన్ ఆర్మీ బాపట్లలో కుష్ఠురోగుల ఆసుపత్రి నడిపింది, నిడుబ్రోలులో పెద్దాసుపత్రి కట్టింది. ఊరంతా వెలివేసిన రోగికి గాయం కడిగి కట్టుకట్టిన ఆ చేతుల రుణం ఈ ప్రాంతం మరవదు. అయితే బిచ్చమెత్తుకునే కుష్ఠురోగుల్ని పట్టి ఆశ్రమాల్లో ఉంచవచ్చని 1898 నాటి లెపర్స్ చట్టం చెప్పేది. అది పుస్తకాల్లోంచి పోయింది 2016లో. దయ గల మనుషులు దయ లేని చట్టాల నీడలో పనిచేసిన కాలమది.

స్వాతంత్ర్యంతో మొదటి పెద్ద మలుపు వచ్చింది. నేరస్త జాతుల చట్టం మీద విచారణకు 1949లో కేంద్రం వేసిన కమిటీకి అధ్యక్షుడు తిరుపతి ప్రాంతం వాడైన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. మద్రాసు రాష్ట్రం కేంద్రం కంటే ముందే ఆ చట్టాన్ని ఎత్తేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న అది రద్దయింది. రిజిస్టరు పోయింది గానీ అనుమానం పోలేదు. అలవాటు నేరస్తుల చట్టాల పేరుతో నిఘా కొనసాగింది, ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసు జీపు స్టూవర్టుపురం వైపే తిరిగేది. రాజ్యాంగం వయోజనులందరికీ ఓటు ఇచ్చింది. ఓటు ఎవరికి లేకుండా చేయవచ్చో చెప్పే 326వ అధికరణంలో మాత్రం మతి స్థిమితం లేకపోవడం, నేరం ఒకే వాక్యంలో పక్కపక్కన నిలబడ్డాయి. 1911, 1912 చట్టాలు చెరోవైపు నుంచి వచ్చి అక్కడ కలుసుకున్నట్టుంది. ఈ దశలోనే సంఘసేవ ఒక వృత్తిగా రూపుదిద్దుకుంది. దానికి దేశంలో తొలి విద్యాలయం 1936లో బొంబాయిలో టాటాల దానంతో మొదలైంది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడితే దానికి తొలి అధ్యక్షురాలు మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1937లో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ తర్వాతి కాలంలో మద్రాసులో పోలియో పిల్లల కోసం ఎముకల వైద్య కేంద్రం నడిపింది. సేవ మతం చేతిలోంచి పౌర సమాజం చేతికి వచ్చింది.

స్టూవర్టుపురానికి మాత్రం అసలు మలుపు 1974లో వచ్చింది. జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్న ఆ రోజుల్లో లవణం, హేమలత దంపతులు అక్కడ సంస్కరణ కార్యక్రమం చేపట్టారు. ఆయన విజయవాడ నాస్తిక కేంద్రం స్థాపకుడు గోరా కుమారుడు. ఆమె మహాకవి గుర్రం జాషువా కుమార్తె. 1960లో చంబల్ బందిపోట్లు వినోబా భావే ముందు ఆయుధాలు వదిలిన ఉదంతం దేశం మొత్తాన్ని కదిలించింది. వినోబా ఆంధ్ర పాదయాత్రల్లో ఆయన మాటల్ని తెలుగులో చెప్పినవాడు లవణం. 1930లో ఉప్పు సత్యాగ్రహం ఊపులో పుట్టినందుకే ఆ పేరు పెట్టారు. ఉప్పు వర్తకం పోగొట్టుకుని నేరస్తుల జాబితాకెక్కిన జనం దగ్గరికి ఆ పేరున్న మనిషే రావడం చరిత్ర చేసిన చిత్రమైన పనుల్లో ఒకటి. ఈ దంపతుల దారి మిషన్ మేనేజరు దారికి పూర్తిగా వేరు. పాసు రాసిచ్చే అధికారం వీళ్లకు లేదు, కావాలని అడగలేదు. ఇళ్లకు వెళ్లారు, ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడారు, జైళ్లలో ఉన్నవాళ్లను కలిశారు, పోలీసులకీ ఊరికీ నడుమ నిలబడ్డారు. మారాలా వద్దా అన్న నిర్ణయం ఆ మనిషిదే, మారతానన్నవాడికి తోడు నిలవడమే తమ పని అన్న పద్ధతి అది. వాళ్ల సంస్కార్ సంస్థ తర్వాత నిజామాబాదు జిల్లాలో, దేవుడి పేరిట అంకితం చేసిన జోగినుల విముక్తికి పనిచేసింది. ఆంధ్రప్రదేశ్ 1988లో దేవదాసీ నిషేధ చట్టం చేయడం వెనక అలాంటి సేవే ఉంది. హేమలత 2008లో, లవణం 2015లో కన్నుమూశారు. వారు చూపించింది ఇది: చట్టం ఒక మనిషి మాటను కొట్టేసినచోట సంఘసేవకుడు ఆ మాటకు మళ్లీ విలువ తేగలడు.

వికలాంగుల విషయంలో ఈ పాఠం చట్టంలోకి ఎక్కడానికి ఇంకా కాలం పట్టింది. ముందు సంస్థలు వచ్చాయి. 1984లో సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వం బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ నెలకొల్పింది. పిల్లవాణ్ణి ఇంట్లో దాచిపెట్టిన తల్లిదండ్రులు వాణ్ణి వెంటబెట్టుకుని ఒక చోటికి రావడం మొదలైంది. 1987లో మానసిక ఆరోగ్య చట్టం వచ్చి 1912 నాటి లూనసీ చట్టాన్ని తప్పించింది. 1995లో వికలాంగుల చట్టం చదువు, ఉద్యోగం మాట్లాడింది గానీ నిర్ణయాధికారం ఊసెత్తలేదు. ఇంతలో తల్లిదండ్రుల గుండెల్లో ఒకటే బెంగ: మేం పోయాక వీడి గతేమిటి? ఆ బెంగకు పార్లమెంటు ఇచ్చిన జవాబు 1999 నేషనల్ ట్రస్టు చట్టం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి పద్దెనిమిదేళ్లు దాటాక కూడా గార్డియన్‌ను నియమించే అధికారాన్ని అది జిల్లా స్థాయి కమిటీకి ఇచ్చింది. కమిటీలో ముగ్గురు: కలెక్టరు, రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వికలాంగుడైన ఒక వ్యక్తి. ఒక మనిషి సామర్థ్యాన్ని తేల్చే బల్ల దగ్గర సంఘసేవకుడికి హక్కుగా కుర్చీ దొరికింది అప్పుడే. వికలాంగుడికి దొరికిందీ అప్పుడే.

ఆ బల్ల దగ్గర జరిగేది చాలా మామూలు వ్యవహారం. తండ్రి ప్రభుత్వోద్యోగి, కాలం చేశాడు. తల్లి తర్వాత కుటుంబ పింఛను బుద్ధిమాంద్యం ఉన్న కొడుక్కి రావాలి. గార్డియన్ కాగితం తెమ్మంటుంది బ్యాంకు. తల్లి కోర్టుకెళ్తే ఏళ్లు పడుతుంది, కమిటీకి వస్తే నెలల్లో తేలవచ్చు. నియమించేముందు కమిటీ రెండు సంగతులు చూడాలి: అసలు గార్డియన్ అవసరమా, అవసరమైతే దేనికి? ఈ రెంటికీ జవాబు ఫైల్లో దొరకదు. సోషల్ వర్కరు ఇంటికెళ్లాలి. అబ్బాయి తన బట్టలు తాను వేసుకుంటాడా, కొట్టుకెళ్లి చిల్లర లెక్కపెట్టుకుంటాడా, అన్నయ్య గదిలోకి రాగానే ఎందుకు ముడుచుకుపోతున్నాడు, ఇంటి వాటా ఎవరి పేరున ఉంది, ఇవన్నీ చూసి రాయాలి. నియమితుడైన గార్డియన్ ఆరు నెలల్లోగా ఆస్తి జాబితా ఇవ్వాలి, ఏటా లెక్కలు చూపాలి. వదిలేసినా దోచుకున్నా తొలగించమని కమిటీని అడగవచ్చు. వెనకటి ఉమ్మడి కుటుంబంలో అన్నలు సాగుచేసిన వాటాకు ఈ లెక్కలు అడిగేవారే లేరు.

అయినా 1999 చట్టంలో ఒక లోటు ఉంది. గార్డియన్ వచ్చాక సంరక్షణలో ఉన్న మనిషి మాట వినాల్సిన అవసరం అందులో గట్టిగా లేదు. ఈ లోటు మీద ప్రపంచమే కదిలింది. 2006 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికకు మన దేశం 2007 అక్టోబరు 1న తన ఆమోదం తెలిపింది. దాని 12వ అధికరణం ప్రకారం చట్టం ముందు అందరితో సమానంగా వికలాంగుడికీ సామర్థ్యం ఉంటుంది, రాజ్యం చేయాల్సింది ఆ సామర్థ్యం వాడుకోవడానికి ఆసరా ఇవ్వడం. రెండేళ్లకే సుప్రీంకోర్టు ముందుకు చండీగఢ్ కేసు వచ్చింది. ప్రభుత్వ ఆశ్రమంలో ఉన్న, స్వల్ప బుద్ధిమాంద్యం గల యువతి గర్భవతైంది. ప్రభుత్వం గర్భం తీయించాలంది, హైకోర్టు సరేనంది. ఆమె మాత్రం బిడ్డ కావాలంది. ఆమె సమ్మతి లేకుండా వీల్లేదని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సంరక్షించే రాజ్యం కూడా సంరక్షణలో ఉన్న మనిషి మాట కాదనలేని హద్దు ఒకటుందని ఆ తీర్పు గీత గీసింది.

ఆ గీత 2016 వికలాంగుల హక్కుల చట్టంలో అచ్చయింది. అది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది, ఏడు వైకల్యాల జాబితా ఇరవై ఒకటికి పెరిగింది. పదమూడో సెక్షన్ సమాన సామర్థ్యాన్ని గుర్తించింది. ఆసరా ఇచ్చేవాడు ఒత్తిడి తేకూడదని, స్వప్రయోజనం అడ్డొచ్చినచోట తప్పుకోవాలని, తనకు ఆసరా ఇచ్చేవాణ్ణి మార్చుకునే, వద్దనుకునే హక్కు వికలాంగుడిదేనని చెప్పింది. పద్నాలుగో సెక్షన్ పరిమిత గార్డియన్‌షిప్ తెచ్చింది: ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి, ఆ వ్యక్తి ఇష్టానికి లోబడి, ఇద్దరూ కలిసి. పాత గార్డియన్లందరూ చట్టం అమల్లోకి వచ్చిన రోజు నుంచి పరిమిత గార్డియన్లేనని కూడా ప్రకటించింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకో అడుగు వేసింది. ప్రతి మనిషికీ తన చికిత్స నిర్ణయించుకునే సామర్థ్యం ఉందన్న నమ్మకంతో మొదలవుతుందది. నాకు రేపు బాగాలేకపోతే ఇలా చేయండి, ఇలా చేయకండి అని ముందుగానే రాసిపెట్టుకోవచ్చు. తన తరఫున మాట్లాడే ప్రతినిధిని ఎంచుకోవచ్చు. అలాంటివారు ఎవరూ లేకపోతే, మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు నియమించేదాకా స్వచ్ఛంద సంస్థ మనిషి ఆ బాధ్యత మోయవచ్చు. నూరేళ్ల కిందట రిజిస్టరు పట్టుకున్నవాడు ఇప్పుడు రోగి మాటను మోసేవాడయ్యాడు.

మన రాష్ట్రంలో ఈ మార్పుకు నేల కొంత ముందే తయారైంది. 2000 నుంచి పేదరిక నిర్మూలనకు నడిచిన వెలుగు పథకంలో మహిళల పొదుపు సంఘాలతో పాటు వికలాంగుల సంఘాలు కూడా పుట్టాయి. బ్యాంకు మేనేజరు ముందు నిలబడి అప్పు అడగడం, సభలో లేచి మాట్లాడటం చాలామందికి అక్కడే అలవాటైంది. ఆ తర్వాత వైకల్యాన్ని నిర్ధారించే సదరం శిబిరాలు వచ్చి, ధ్రువపత్రాల జారీ ఒక పద్ధతిలో పడింది. 2024లో ఆంధ్రప్రదేశ్ వికలాంగుల పింఛనును నెలకు 6000 రూపాయలకు పెంచింది. డబ్బు పెరిగినచోటే నిర్ణయం ఎవరిదన్న ప్రశ్న పదునెక్కుతుంది. వేలిముద్ర అబ్బాయిది, నోట్లు లెక్కపెట్టేది వదినగారు. ఇందులో తప్పు లేకపోవచ్చు, ఉండవచ్చు. అది ఏమిటో తెలుసుకునే చూపు, తెలుసుకున్నాక ఏం చేయాలో తెలిసిన శిక్షణ ఉన్నవాళ్లు మండలానికి ఒకరైనా ఉండాలి. 2022లో బాపట్ల కొత్త జిల్లా అయింది. రేపల్లె తీరం నుంచి, చీరాల నేతపేటల నుంచి, స్టూవర్టుపురం నుంచి ఒక తల్లి కలెక్టరేటుకు రావాలంటే దూరం తగ్గింది. 1999, 2016 చట్టాల మధ్య పొసగని సంగతుల్ని సరిచేయడం, కమిటీలు నెలలు గడవకుండా కూర్చునేలా చూడటం మాత్రం ఇంకా మిగిలే ఉంది.

ఈ నూట యాభై ఏళ్లలో సంఘసేవకుడు మారినంతగా ఇంకే పాత్రా మారలేదు. చక్రవర్తి తరఫున హాజరు తీసుకున్నాడు, తర్వాత నిందపడ్డ జనం పక్కన కూర్చున్నాడు, ఇప్పుడు చట్టం ముందు ఇంకొకరి మాటకు ఆసరాగా నిలబడుతున్నాడు. మారనిది ఒకటుంది: బడి, భూమి, మందు ఇచ్చిన చేతికి పెత్తనం కూడా తనదే అనిపించే గుణం. దాన్ని అదుపులో పెట్టే నియమాలు రాసుకోవడం మన తరం సాధించిన పని, అందుకు గర్వపడటంలో తప్పులేదు. రేపటి చరిత్రకారుడు మన కమిటీల పనిని తూచేటప్పుడు ఎంతమందికి గార్డియన్లను నియమించామన్న లెక్క మొదట అడగడు. ఎంతమందికి గార్డియన్ అక్కర్లేదని తేల్చామో, ఎన్ని నియామకాలు పని ముగిసి రద్దయ్యాయో అడుగుతాడు. ఆ లెక్కలు ఇప్పటినుంచే రాసిపెట్టుకోవాలి.